నడిస్తేనే పుణ్యమా? నల్లమల కాలిబాటలు లేవనెత్తే ప్రశ్న

కృష్ణా, పెన్నా నదుల మధ్య ఉత్తర దక్షిణాలుగా సుమారు 150 కిలోమీటర్ల మేర పరుచుకున్న అడవి కొండలు నల్లమల. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రాబాద్ పీఠభూమి కూడా ఇదే అడవికి కొనసాగింపు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు, మారేడు పెరిగే ఈ కొండలను నది లోతుగా కోసుకుంటూ పారుతుంది. చాలాకాలం పాటు ఈ నదికి ఉత్తరాన నిజాం ఏలుబడి, దక్షిణాన కర్నూలు నవాబు ఏలుబడి ఉండేవి. 1839లో నవాబు భూములు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. 2014 జూన్ 2 నుంచి నదికి ఒక ఒడ్డు తెలంగాణ, మరో ఒడ్డు ఆంధ్రప్రదేశ్. సరిహద్దు గీసినవాళ్లు మారుతూ వచ్చినా, దాన్ని దాటుతూ శ్రీశైల మల్లికార్జునుడి దగ్గరికి సాగే కాలిబాటలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఆ బాటల వెంట ఒక పాత ప్రశ్న కూడా నడిచి వస్తోంది. యాత్రాఫలం చేరిన చోట దక్కుతుందా, నడిచిన దారిలో దక్కుతుందా? గుడి వాకిలి దాకా బస్సు వెళ్తున్న రోజుల్లో, అడవిలో రెండు మూడు రోజులు నడిచినవాడికి బస్సు దిగినవాడికంటే ఎక్కువ ఏం దొరుకుతుంది?

ద్వారాలు, దారులు

శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలని సంప్రదాయం చెబుతుంది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్నా ఒడ్డున సిద్ధవటం, పడమట తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తరాన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. వీటికి తోడు మూలల్లో నాలుగు ఉపద్వారాలు: ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం. ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. సంగమేశ్వరం శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో చాలా నెలలు నీటి కిందే ఉండి, వేసవిలో నీళ్లు తగ్గాక బయటపడుతుంది. గుడి ఉన్న కొండకు ఇన్ని రోజుల నడక దూరంలో ద్వారాలు పెట్టడంలోనే ఒక భావన ఉంది. ఈ లెక్కన క్షేత్రమంటే గర్భగుడి ఒక్కటే కాదు, ఎనిమిది ద్వారాల నడుమ ఉన్న అడవి అంతా. అలంపురంలో అడుగు బయట పెట్టిన యాత్రికుడు అప్పటికే లోపల ఉన్నట్టు లెక్క.

ఇప్పటికీ జనం నడిచే దారుల్లో ముఖ్యమైనది కర్నూలు వైపు నుంచి వచ్చేది. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరుతుంది. మహాశివరాత్రికి తెలుగువాళ్లు, ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఈ దారిన వేల సంఖ్యలో సాగుతారు. కన్నడ భక్తులకు శ్రీశైలం అమ్మవారు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. అందుకే చీర, సారె పట్టుకుని వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. దారి పొడవునా దాతలు అన్నం వండి పెడతారు, మజ్జిగ పోస్తారు.

దారి కాఠిన్యమంతా భీముని కొలను దగ్గర తెలుస్తుంది. అప్పటిదాకా ఎగుడు దిగుడుగా సాగిన బాట అక్కడ ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. రాతి మెట్లు సమంగా ఉండవు. ఒకటి అరడుగు ఎత్తుంటే పక్కది మోకాలెత్తు. లోయ అడుగున నీటి మడుగులో కాళ్లు తడుపుకుని, మళ్లీ అంతే నిటారుగా కైలాసద్వారం దాకా ఎక్కాలి. ఎక్కేవాళ్ల మాటలు తగ్గిపోయి, శివనామం ఒక్కటే ఊపిరితో పాటు వినిపించేది ఇక్కడే.

ఈ నడకను సాహిత్యంలోకి తెచ్చినవాడు పాల్కురికి సోమన. ఆయన పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రకే అంకితం. ఆ యాత్రలో భక్తులు తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు పాడుకుంటూ వెళ్తారు. ఆటపాటలు, బొమ్మలాటలు, నాటకాలు అన్నీ ఆ జనంలోనే ఉంటాయి. తెలుగు జానపద గేయాల చరిత్ర రాసేవాళ్లు తప్పనిసరిగా ఈ ప్రకరణం దగ్గరికి రావడానికి కారణం ఇదే. సోమన లెక్కలో ఆ దారే ఒక సమాజం. కులం, ఊరు వదిలి వచ్చినవాళ్లంతా కొన్నాళ్లపాటు కలిసి కట్టుకున్న ఊరు.

శాస్త్రం చెప్పిన లెక్క

తీర్థయాత్ర ఎందుకన్న ప్రశ్నకు మహాభారతంలోని అరణ్యపర్వం ఒక జవాబు చెబుతుంది. యజ్ఞం చేయాలంటే సంపద కావాలి, సంభారాలు కావాలి, సహాయకులు కావాలి. అవి రాజులకే సాధ్యం. పేదవాడికి యజ్ఞంతో సమానమైన ఫలం ఇచ్చేది తీర్థయాత్ర. ఈ మాటలో నడక యజ్ఞానికి బదులుగా నిలబడింది. పేదవాడి దగ్గర హోమం చేయడానికి నెయ్యి లేకపోవచ్చు, కాళ్లయితే ఉన్నాయి. కానీ ఆ పర్వమే అక్కడే ఒక షరతు కూడా పెడుతుంది. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికి, ఒకరి దగ్గర పుచ్చుకోకుండా తృప్తిగా ఉండేవాడికి, అహంకారం లేనివాడికి మాత్రమే ఆ ఫలం దక్కుతుందని. పాదాలు కదిలినంత మాత్రాన చాలదన్నమాట.

తరువాతి కాలపు ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఈ షరతు ఒక కూడికలు తీసివేతల పట్టికగా మారింది. వాటిలో వినిపించే ఒక లెక్క ప్రకారం, వాహనమెక్కి తీర్థానికి వెళ్తే ఫలంలో సగం పోతుంది. గొడుగు పట్టినా, చెప్పులు తొడిగినా అందులో సగం పోతుంది. దారిలో వ్యాపారం చేస్తే ముప్పావు వంతు పోతుంది. దానం పుచ్చుకుంటే మొత్తం పోతుంది.

పైపైన చూస్తే ఇది కష్టాన్ని మెచ్చుకునే పట్టికలా కనిపిస్తుంది. వరుస గమనిస్తే అసలు సంగతి వేరు. కష్టమే కొలబద్ద అయితే అన్నిటికంటే పెద్ద కోత సుఖంగా వాహనంలో వెళ్లినవాడికి పడాలి. అలా పడలేదు. కాళ్లకు సుఖం ఇచ్చినవాడు సగమే పోగొట్టుకున్నాడు. యాత్రను లాభానికి వాడుకున్నవాడు ముప్పావు పోగొట్టుకున్నాడు. చేయి చాచినవాడికి ఏమీ మిగల్లేదు. శాస్త్రకారులు తూచింది పాదాల నొప్పిని కాదు, దారి నుంచి యాత్రికుడు ఎంత తీసుకున్నాడన్నదాన్ని. నడక వాళ్లకు నచ్చింది, నడిచేవాడు అన్నిటికంటే తక్కువ తీసుకుంటాడు కాబట్టి.

ఈ లెక్కకు పరీక్షగా 1830లో జరిగిన ఒక యాత్రను చెప్పుకోవచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి ఆ ఏడాది కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలం చూశాడు. ఆయన కాశీయాత్రా చరిత్రలో ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మజిలీలన్నీ కనిపిస్తాయి. అప్పట్లో యాత్రికులు కర్నూలు నవాబుకు పన్ను కట్టి దర్శనం చేసుకోవలసి వచ్చేది. వీరాస్వామి వెంట పెద్ద పరివారం, పల్లకీ, మోసే బోయీలు ఉన్నారు. పల్లకీలో కూర్చున్నవాడికి సగం ఫలం పోతే, ఆ సగం ఎవరికి చేరింది? మోసినవాళ్లు ప్రతి అడుగూ నడిచారు, పైగా బరువుతో నడిచారు. కానీ వాళ్లు కూలి పుచ్చుకున్నారు. పట్టిక ప్రకారం ఇద్దరికీ లోటే. బోయీలకు యాత్ర చేసే స్తోమత లేదని, అందుకే కూలికి వచ్చారని పట్టికకు తెలియదు. పేదవాడి యజ్ఞంగా మొదలైన భావన, పేదవాడు కూలివాడిగా ఆ దారిలో కనిపించేసరికి తడబడింది.

నడవనక్కరలేదన్నవాళ్లు

యాత్రలను ప్రశ్నించిన గొంతులు తెలుగు నేలకు కొత్తకాదు. వేమన పద్యాల్లో తీర్థాలు తిరిగేవాళ్ల మీద విసుర్లు లెక్కలేనన్ని. మనసు నిలవనివాడు ఎన్ని కొండలెక్కినా ఏం లాభం అన్నది వాటి సారాంశం. అద్వైతం ఇదే మాటను తర్కంగా చెబుతుంది. ఆత్మ అంతటా ఉన్నప్పుడు దానికోసం ఒక చోటి నుంచి మరో చోటికి పోవడం అజ్ఞానమే. అయితే ఆ మాట చెప్పిన శంకరుడు దేశమంతా కాలినడకన తిరిగాడని, శ్రీశైలంలో కొంతకాలం ఉన్నాడని కథలు చెబుతున్నది ఆ సంప్రదాయమే.

12వ శతాబ్దపు వీరశైవ శరణులది ఇంకా గట్టి అభ్యంతరం. బసవన్న బోధలో దేహమే గుడి. కట్టినది కూలుతుంది, కదిలేదే నిలుస్తుంది. స్థావరం కంటే జంగమం గొప్పది. భక్తుడు ఇష్టలింగాన్ని ఒంటిమీదే ధరిస్తాడు కాబట్టి దేవుడి కోసం ఎక్కడికీ వెళ్లే పని లేదు. అయినా ఆ ఉద్యమంలోని పెద్దలు చివరికి వచ్చి చేరింది శ్రీశైలానికే. అల్లమప్రభు ఇక్కడికే వచ్చాడు. అక్కమహాదేవి తన వచనాలన్నిటినీ చెన్నమల్లికార్జునుడి పేరుతో ముగించి, కల్యాణ నగరం నుంచి ఒంటరిగా ఈ అడవికి నడిచి వచ్చింది. పాతాళగంగ నుంచి పడవలో కృష్ణ వెంట వెళ్తే ఆమె పేరున్న గుహలు కనిపిస్తాయి. పండితారాధ్య చరిత్ర నాయకుడు మల్లికార్జున పండితారాధ్యుడు బసవన్నను చూడాలని బయలుదేరి, దారిలోనే ఆయన లింగైక్యం చెందిన వార్త విని, తన నడకను శ్రీశైలం వైపు మళ్లించాడని పాల్కురికి సోమన చెప్పాడు.

దీన్ని వైరుధ్యం అనుకోనక్కరలేదు. వాళ్లు కాదన్నది గుడితో బేరాన్ని. ఇంత నడిచాను, ఇంత ఇవ్వు అనే లెక్కను. వాళ్లు నమ్మిన జంగమతత్త్వానికి నడక విరుద్ధం కాదు, దాని సహజ రూపం. ఆస్తి, ఇల్లు, హోదా వదిలినవాడికి మిగిలేది కదలిక ఒక్కటే. అక్కమహాదేవి శ్రీశైలం నుంచి ఏదో పట్టుకుపోవడానికి రాలేదు. ఆమె తిరుగు ప్రయాణమే పెట్టుకోలేదు.

శ్రీశైల సంప్రదాయంలోనే ఈ బేరాన్ని వమ్ము చేసే నమ్మకం ఒకటుంది. శిఖరాన్ని దూరం నుంచి చూసినా మరుజన్మ ఉండదంటారు. 2,830 అడుగుల ఎత్తున ఉన్న శిఖరేశ్వరం దగ్గర భక్తులు నంది ముందు నువ్వులు పోసి, నంది కొమ్ముల మధ్య నుంచి దూరంగా ఉన్న ఆలయ శిఖరాన్ని వెతుకుతారు. చూపు కుదిరితే చాలు, మోక్షం దక్కినట్టే. మరి అక్కడితో ఆగి వెనుదిరగవచ్చు కదా? ఎవరూ వెనుదిరగరు. ఫలమే లక్ష్యమైతే యాత్ర శిఖరేశ్వరంలో ముగియాలి. కొండ దిగి గుడిదాకా వెళ్లేవాడు దక్కాల్సింది దక్కాక కూడా నడుస్తున్నాడు.

అడవి ఇల్లైనవాళ్లు

దారి గొప్పదా, గుడి గొప్పదా అన్నది బయటి నుంచి వచ్చినవాళ్ల ప్రశ్న. నల్లమలలో పుట్టి పెరిగే చెంచులకు ఈ ప్రశ్నే లేదు. శివుడు ఈ అడవికి వేటకు వచ్చి చెంచు పిల్లను పెళ్లాడాడని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అని, తమ అల్లుడని వాళ్ల కథ. నల్లమలలోనే ఉన్న అహోబిలంలో నరసింహుడు కూడా చెంచులక్ష్మిని పెళ్లాడాడంటారు. అక్కడ సంక్రాంతి తర్వాత జరిగే పారువేటలో యాత్ర దిశ తిరగబడుతుంది. ఉత్సవమూర్తి పల్లకీలో గుడి విడిచి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. తన కల్యాణానికి రమ్మని పిలవడానికి స్వయంగా వస్తాడని జనం నమ్మకం. దేవుడే గడప దాకా నడిచి వచ్చేచోట, భక్తుడి నడకను పుణ్యంగా లెక్కగట్టడం కుదరదు.

చుట్టరికం మీద నిలిచిన ఈ ప్రపంచంలో తీసుకోవడానికి కూడా ఒక మర్యాద ఉంది. కొండచరియకు పట్టిన తేనె కోసం చెంచు యువకుడు తాడు పట్టుకుని దిగుతాడు. పైన తాడు పట్టేది సాధారణంగా బావమరిది. తాడు జారితే విధవ అయ్యేది తన అక్కో చెల్లెలో కాబట్టి అతని పట్టు సడలదు. పట్టులోని తేనె మొత్తం తీయకుండా కొంత వదిలేయడం కూడా ఆచారమే. శాస్త్రకారులు పట్టిక వేసి చెప్పిన నియమం ఇక్కడ రోజువారీ పనిలో కనిపిస్తుంది.

అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరం జాతర యాత్రికుల ప్రపంచం, చెంచుల ప్రపంచం కలిసే చోటు. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులపాటే ఈ దారి తెరుస్తారు. ఫరహాబాద్ మీదుగా రాంపూర్ పెంట దాకా బండ్లు వెళ్తాయి. అక్కడి నుంచి రాళ్ల బాట, ఆపైన లోయలోకి దిగుడు. కొన్నిచోట్ల ఒక పక్క కొండ, మరో పక్క పల్లం, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి. దిగేవాళ్లు రాతిని ఆనుకుని ఎక్కేవాళ్లకు చోటిస్తారు. దిగేవాళ్లు 'వస్తున్నం లింగమయ్యా' అంటారు, ఎక్కేవాళ్లు 'పోతున్నం లింగమయ్యా' అంటారు. లోయ అడుగున జలపాతం, దాని పక్క గుహలో లింగం, పూజారులు చెంచులు. మంత్రాలు, గోత్రనామాల కంటే ఇక్కడ ముఖ్యమైనది చెప్పి రావడం, చెప్పి పోవడం. చుట్టపింటికి వెళ్లినవాడు పాటించే మర్యాదే ఇది.

బస్సు వచ్చాక

శ్రీశైలం ప్రాజెక్టు పనులు 1960లో మొదలై 1980ల తొలినాళ్లకు పూర్తయ్యాయి. ప్రాజెక్టు కోసం వేసిన రోడ్లు యాత్రను మార్చేశాయి. హైదరాబాద్ నుంచి మన్ననూరు, దోమలపెంట మీదుగా పొద్దున బయలుదేరినవాడు మధ్యాహ్నానికి దర్శనం చేసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. వెనకటి కాలంలో నడవక తప్పేది కాదు. ఇప్పుడు నడక ఎంచుకుంటే వచ్చేది. నియమంగా మారేది కూడా అప్పుడే. వేరే దారి లేక చేసిన పనికి వ్రతమన్న పేరు సరిపోదు. బస్సు ఎక్కగలిగి కూడా ఎక్కనివాడిదే వ్రతం.

ఇలాంటి మార్పు చాలా దేశాల్లో జరిగింది. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రలో కనీసం 100 కిలోమీటర్లు నడిచినవాళ్లకు, లేదా 200 కిలోమీటర్లు సైకిలు తొక్కినవాళ్లకు యాత్రాపత్రం ఇస్తారు. కార్లో వచ్చినవాళ్లు గుడి చూడవచ్చు కానీ ఆ పత్రం రాదు. మన ధర్మశాస్త్రాల పట్టికకు అది దూరపు చుట్టం. జపాన్‌లోని షికోకు దీవిలో 88 ఆలయాలు చుట్టే యాత్రికుల్లో నడిచేవాళ్లూ, బస్సుల్లో తిరిగేవాళ్లూ ఉన్నారు. అక్కడ నడిచేవాడికి ఊళ్లవాళ్లు పండో, టీయో ఇచ్చి ఆదరిస్తారు. ఇచ్చేవాళ్లు దాన్ని తమ యాత్రగానే భావిస్తారు. ఆత్మకూరు దారిలో మజ్జిగ పోసేవాళ్ల భావనా అదే. మన పట్టిక నిషేధించిన పుచ్చుకోవడానికీ దీనికీ తేడా ఉంది. దాహానికి సరిపడా తాగి సాగిపోయేవాడు దారిని దోచుకున్నట్టు కాదు.

ఇటీవల మరో రకం నడక కూడా ఈ అడవికి వచ్చింది. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కులో పొద్దున్నే చుట్లు తిరిగేవాళ్లు, ఎర్రగడ్డ నుంచి ఫిలింనగర్ దాకా ఉన్న కుర్రకారు, సెలవు దొరికితే ట్రెక్కింగ్ బ్యాగులతో ఉమామహేశ్వరం కొండలకు, ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు బయలుదేరుతున్నారు. వీళ్లకు మొక్కు లేదు, ఫలాపేక్ష లేదు. ఆ లెక్కన మొక్కు తీర్చుకునే భక్తుడికంటే వీళ్లే నిష్కాములని వాదించవచ్చు. కానీ వీళ్ల నడకకు నియమాలు కూడా తక్కువ. దీక్ష తీసుకున్నవాడు తినేది, తాగేది, మాట్లాడేది కట్టుదిట్టం చేసుకుంటాడు. విహారానికి వచ్చినవాడిని అదుపులో పెట్టేది టికెట్టు, గేటు దగ్గరి వాచర్ మాత్రమే. భక్తుడు కోరిక పట్టుకుని వస్తాడు, విహారి ఫోన్ పట్టుకుని వస్తాడు. ఇద్దరూ ఏదో ఒకటి తీసుకుపోవడానికే వస్తే శాస్త్రం దృష్టిలో ఇద్దరూ సమానమే.

ఈ విషయం పులుల అడవిలో మరీ స్పష్టంగా తెలుస్తుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత ఉత్తర ఒడ్డు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా విడిగా ఏర్పడింది. రాత్రివేళ అడవి రోడ్డు మీద బండ్లను ఆపేస్తారు. జాతర రోజుల్లో ప్లాస్టిక్ సీసాలను గేటు దగ్గరే అడ్డుకునే ప్రయత్నం జరుగుతుంది, నడకకు వేళలు పెడతారు. ఈ ఆంక్షలు భక్తికి అడ్డమని గొణిగేవాళ్లున్నారు. అడవికి హాని చేయకుండా రమ్మనడం, చేతులు కాళ్లు అదుపులో పెట్టుకోమన్న అరణ్యపర్వం షరతుకు నేటి రూపం అనుకుంటే ఆ గొణుగుడు నిలవదు. పొయ్యి ఆర్పకుండా వెళ్లినవాడు, మడుగులో సబ్బు కలిపినవాడు, ప్లాస్టిక్ సంచి విసిరినవాడు ఎంత దూరం నడిచినా దారి నుంచి తీసుకున్నవాడే. మరోవైపు, పులుల కోసమని కోర్ అడవి నుంచి చెంచు పెంటలను (గూడేలను) కదిలించే ప్రతిపాదనలు ఏళ్లుగా వివాదంలో ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ల సమ్మతి లేకుండా అలా చేయకూడదు. యాత్రికుడికి రెండు రోజులు తెరిచిన అడవిని, అందులోనే ఉంటూ కొంత వదిలి తీసుకునేవాళ్లకు మూసేస్తే, ఈ దారులు నేర్పిన నియమం తలకిందులైనట్టే.

ఇంతకీ నడిస్తేనే పుణ్యమా అన్న ప్రశ్నకు నల్లమల సంప్రదాయాలన్నీ కలిపి చూస్తే ఒక జవాబు తేలుతుంది. శాస్త్రం నడకను మెచ్చుకుంది, కష్టం కోసం కాదు. శరణులు క్షేత్రంతో బేరాన్ని కాదన్నారు, కానీ క్షేత్రానికి నడిచే వచ్చారు. చెంచులు యాత్రే చేయరు, కానీ యాత్రికుడికి ఉండాల్సిన మర్యాద వాళ్ల తేనె వేటలోనే ఉంది. నడవలేని ముసలివాడు బస్సులో వచ్చి, అడవిని గాని, తోటివాణ్ని గాని నొప్పించకుండా వెళ్తే అతనికి తగ్గేది ఏమీ లేదు. భీముని కొలను మెట్లన్నీ ఎక్కినా, ఆ ఎక్కడాన్ని దేవుడి ఖాతాలో జమ చేసుకునేవాడికి పెరిగేదీ లేదు. నడక పుణ్యం కాదు, తక్కువ తీసుకుని బతకడానికి అభ్యాసం. ఆ అభ్యాసానికి అడవి దారంత మంచి చోటు దొరకడం కష్టం కాబట్టే, రోడ్డు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా ఆ దారులు ఖాళీ కాలేదు.